యాడిని ఎవరూ అడగలేదు

పోయిన వేసవి సెలవులకు ముందు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి నా దగ్గర తీసుకున్న నవలను తిరిగి ఇచ్చింది. దైవవిశ్వాసం చుట్టూ అల్లిన చారిత్రక నవల అది. పేరు చెప్పను. ఆ ఒక్క పుస్తకాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, అలాంటివి చాలా ఉన్నాయి. కథ మనకు తెలిసిందే. వందేళ్ల కిందటి కరువు. ఇంటి పెద్ద కొడుకు ఉన్నదంతా ఊడ్చుకుని దూరదేశం పోతాడు. తల్లి మిగతా పిల్లలను కూలీనాలీ చేసి పెంచుతుంది. ఏళ్ల తర్వాత కొడుకు దేవుణ్ని నమ్ముకున్న మనిషై తిరిగొస్తాడు. అందరూ ఒకచోట చేరి ప్రార్థన చేస్తారు, ఏడుస్తారు, కలిసి అన్నం తింటారు. పుస్తకం అయిపోతుంది.

ఆ పిల్లది గాంధారి వైపు తండా. రెండు రోజుల్లో చదివేసింది. ఎట్లుంది అని అడిగాను.

"బాగుంది సార్. నాకు ఏడుపు గూడ వచ్చింది. గని ఆఖరుకు అందరు ఒక్కటైన్రు గదా, అప్పుడు అమ్మను ఎవ్వలూ అడుగలే సార్."

"ఏమని అడగాలె?"

"ఒక్కటి గావాల్నా వద్దా అని."

బెల్లు కొట్టారు. పిల్ల వెళ్లిపోయింది. నేను ఆ పుస్తకం పట్టుకుని స్టాఫ్ రూమ్‌లో చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే ఆ నవల మా ఇంట్లో జరిగింది. ఆ అడగని వాళ్లలో నేనూ ఒకణ్ని.

మాది ఎల్లారెడ్డికి దగ్గరి తండా. మా భియా, అంటే మా అన్న, 2008లో దుబాయి పోయాడు. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫ్ మాట వినని ఇల్లు లేదు కాబట్టి వివరంగా చెప్పక్కర్లేదు. ఏజెంటుకు ఇవ్వాల్సిన ఎనభై వేలలో సగం వడ్డీకి తెచ్చాం, నూటికి మూడు రూపాయలు. మిగతా సగానికి మా యాడి మెడలోని హాస్లి, కాళ్ల వెండి కడియాలు ఎల్లారెడ్డిలో సేటు దుకాణం ఎక్కాయి. హాస్లి అంటే తెలియని తెలుగు పాఠకుల కోసం చెబుతున్నాను: మెడకు కరుచుకుని ఉండే వెండి కడ్డీ. మా యాడికి అది వాళ్ల యాడి ఇచ్చింది. తూకం వేసిన మనిషికి అందులో వెండి ఎంతో కనిపించింది, అంతే.

భియా రెండేళ్లు పైసలు పంపాడు. తర్వాత కంపెనీలో గొడవపడి బయటికి వచ్చేశాడు. గల్ఫ్‌లో మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారు చూడండి, అట్లా అయ్యాడు. పాస్‌పోర్టు యజమాని దగ్గర, మనిషి రోడ్డు మీద. అప్పట్లో అక్కడి చట్టం ప్రకారం వీసా ఇచ్చిన యజమానిని విడిచిన కార్మికుడు నేరస్తుడే, దొరికితే జైలు. అంతవరకు అతని తప్పు కాదు. కానీ తర్వాత ఎనిమిదేళ్లు పైసా పంపలేదు, ఫోను కూడా ఏడాదికి ఒకటి రెండుసార్లు. దొరికిన పని దొరికినట్టు చేశాడు, దొరికింది దొరికినట్టు తాగాడు. ఇక్కడ వదినె ఇరవై నాలుగేళ్లది, చంకలో పిల్ల. ఆమె, యాడి కలిసి మక్క చేను చేశారు, చెరుకు కొట్టడానికి పోయారు, వడ్డీ కట్టారు. నా బీఈడీ ఫీజు కూడా ఆ చెరుకులోంచే వచ్చింది. ఈ మాట రాయకపోతే మిగిలినదంతా అబద్ధం అవుతుంది.

2018లో యూఏఈ ప్రభుత్వం కాగితాల్లేని కార్మికులు జరిమానా, శిక్ష లేకుండా దేశం విడిచిపోవచ్చని ప్రకటించింది. ఆగస్టులో మొదలై సంవత్సరం చివరిదాకా పొడిగించారు. మన పేపర్లు దానికి 'క్షమాభిక్ష' అని పేరు పెట్టాయి. భియా ఆ క్షమాభిక్షలో వచ్చాడు. సరిగ్గా ఆ యేడే మన తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. తండా అంతా కొత్త ఉత్సాహంలో ఉంది. వచ్చిన నెలకు భియా సేవాలాల్ మాల వేసుకున్నాడు. తాగుడు బంద్ చేశాడు. నిజంగానే బంద్ చేశాడు, ఇప్పటిదాకా ముట్టలేదు. మాల తీసిన తర్వాత నాయక్, కారోబారి, పెద్దమనుషులు కూర్చున్నారు. భార్యాబిడ్డలను, తల్లిదండ్రులను విడిచిపెట్టినందుకు తప్పు కింద పదివేలు కట్టించారు. కట్టాడు. ఆ పైసలతో మేకపోతు వచ్చింది. మగవాళ్లు తిన్నారు. వండింది యాడి, వదినె.

ఆ రోజు పెద్దమనుషుల పక్కన కూర్చుని నేనేమన్నానో నాకు గుర్తుంది. "గడిచిందేదో గడిచిపోయింది. దేవుడే దారికి తెచ్చిండు. ఇగ అందరం మంచిగుండాలె." సారు మాట్లాడాడని తలలూపారు. యాడి పొయ్యి దగ్గర ఉంది. అటు తిరిగి చూడలేదు నేను.

దుబాయి షేక్ క్షమించాడు, సేవాలాల్ క్షమించాడు, తండా క్షమించింది, తమ్ముడు క్షమించాడు. హాస్లి అమ్ముకున్న మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

తెలుగులో రెండు మాటలున్నాయి: మానడం, మాన్పడం. గాయం మానింది అంటాం, ఫలానా పసరు మాన్పింది అనీ అంటాం. మాన్పడం బయటివాళ్ల పని. వైద్యుడు, భగత్, కులపెద్ద, నవల రాసే మనిషి అందరూ మాన్పేవాళ్లే. మానడం ఒంటి పని. మానిందో లేదో ఆ ఒంటికే తెలుస్తుంది. విశ్వాసం పేరుతో రాసే కుటుంబ కథల్లో నాకు కనిపించే చిక్కు ఇదే. మాన్పే వాళ్ల గురించి మూడు వందల పేజీలు ఉంటాయి, మానాల్సిన ఒంటిని అడిగే పేజీ ఒక్కటి ఉండదు. చివరి అధ్యాయంలో తల్లి కన్నీళ్లు పెట్టుకుంటే దాన్ని ఒప్పుకున్నట్టు లెక్క వేస్తాం. కన్నీళ్లకు ఒక్క అర్థమే ఉంటుందా?

దీనికి ఒక జవాబు సిద్ధంగా ఉంటుందని నాకు తెలుసు. నమ్మిన మనిషికి క్షమించడం ధర్మం, తల్లి మనసు అడగకుండానే క్షమిస్తుంది, అడిగితే అవమానించినట్టే. ఇది అన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు. నేను కూడా చాలా ఏళ్లు అదే అన్నాను. కానీ ఆలోచించండి, అడగకుండా తీసుకున్న హాస్లికి, అడగకుండా తీసుకున్న క్షమాపణకు తేడా ఏమిటి? మొదటిదాన్ని దుకాణంలో తూకం వేసి కనీసం డబ్బులిచ్చారు.

మన దేవుళ్ల కథల్లో దీనికి దారి ఉందా అని వెతికాను. సేవాలాల్ మహరాజ్ కథే మనకు మొదటి చారిత్రక నవల. కాగితం మీద రాకముందే పాటలో, మాటలో వచ్చింది. 1739 ఫిబ్రవరి 15న అనంతపురం జిల్లా గుత్తి దగ్గర గొల్లలదొడ్డిలో భీమా నాయక్, ధర్మణి యాడిలకు పుట్టాడని మనవాళ్ల నమ్మకం. అక్కడే ఇప్పుడు సేవాగఢ్ ఉంది. సమాధి మహారాష్ట్రలోని పోహ్రాదేవిలో. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన లదేణి కాలం అది. అందరికీ ఈ కథ తెలుసు, అయినా అందులో ఒక మలుపును మనం త్వరగా దాటేస్తాం. మేరామ యాడి వచ్చి నా భగత్‌వి కమ్మని అడిగితే సేవాలాల్ వెంటనే సరే అనలేదు. కాదన్నాడు. తండాకు, పశువులకు కష్టాల మీద కష్టాలు వచ్చాయి. ఎంతో నలిగిన తర్వాత ఒప్పుకున్నాడు. చెప్పే మనిషిని బట్టి వివరాలు మారతాయి, కానీ కాదనడం మాత్రం ఏ చెప్పుడులోనూ పోదు.

దేవతకే కాదన్న మనిషిని మనం పాపి అనలేదు, సంత్ అన్నాం. ఇవాళ్టికీ భోగ్ పెట్టేటప్పుడు సేవాలాల్‌కు బెల్లం, నెయ్యి కలిపిన తీపి అగ్నిలో వేస్తాం, మేరామ యాడికి వేరుగా మేకపోతు. ఇద్దరూ ఒక్కటైపోయారని చెప్పి ఇద్దరికీ ఒకే పళ్లెం పెట్టడం లేదు. ఎవరి ఇష్టం వారికి మిగిలింది. దీని నుంచి నాకు అర్థమైనది ఇది: మన విశ్వాసంలో కాదనే హక్కు బయటి నుంచి తెచ్చుకోవాల్సింది కాదు, కథలోనే ఉంది. మరి ఒక తల్లి "నాకు ఇంకా మానలేదు" అంటే భక్తి లేనిదని ఎందుకంటాం? భోగ్ దగ్గర చేసే విన్నపంలో చీమను కూడా మరచిపోకుండా అందరి మేలు అడుగుతాం. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి ఎన్నిసార్లు గుర్తొచ్చిందో ఎవరికి వారు లెక్క చూసుకోవాలి.

తండాల్లో ఇప్పుడు చర్చికి వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లకు యోసేపు కథ తెలుసు, ముస్లిం మిత్రులకు యూసుఫ్‌గా తెలుసు. అన్నలు తమ్ముణ్ని సరుకు మోసుకుపోయే వర్తకులకు అమ్మేశారు. కరువొచ్చి అదే అన్నలు ధాన్యానికి అతని ముందే నిలబడ్డారు. ఆదికాండంలో యోసేపు వాళ్లను చూడగానే మెడ మీద పడి ఏడవలేదు. తనెవరో చెప్పకుండా చాలాకాలం చూశాడు. చిన్న తమ్ముడి మీద దొంగతనం పడేటట్టు చేసి, ఈసారి కూడా విడిచిపోతారా అని చూశాడు. వాడి బదులు నన్ను బానిసగా ఉంచుకో అని ఒక అన్న ముందుకు వచ్చిన తర్వాతే బయటపడ్డాడు. గాయపడ్డ మనిషికి అంత సమయం ఇచ్చింది ఆ గ్రంథం. మనం రాసే నవలలు, చేసే పంచాయతీలు మాత్రం సాయంత్రం మేక ఉడికేలోగా అయిపోవాలి.

మన పంచాయతీ గురించి కొంచెం నిలబడి మాట్లాడాలి. నాయక్, కారోబారి వ్యవస్థను పొగుడుతూ ఎన్నో వ్యాసాలు వచ్చాయి. కోర్టు ఖర్చు లేకుండా, పోలీసు గడప తొక్కకుండా తగువు తీర్చుకునే పద్ధతి మనకు గౌరవమే. బ్రిటిష్ వాళ్లు 1871 చట్టంతో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్తులన్న కాలంలో పోలీసు నుంచి దూరంగా ఉండటం బతుకు అవసరం కూడా. కానీ అందులో ఆడవాళ్లు కూర్చోరు. వాళ్ల మాట తండ్రి, అన్న, భర్త నోట రావాలి. తప్పు పైసలు కూడా నష్టపోయిన మనిషికి పోవు, కూర్చున్న వాళ్ల విందుకు పోతాయి. మరి తరతరాలుగా మన ఆడవాళ్లు తమ లెక్క ఎక్కడ చెప్పుకున్నారు?

ఏడుపులో చెప్పుకున్నారు. తండా పిల్లలందరూ చూసిందే. చాలాకాలానికి చుట్టమామె వస్తే నీళ్లు ఇవ్వకముందే ఇద్దరు ఆడవాళ్లు మెడలు పట్టుకుని గొంతెత్తి ఏడుస్తారు. అది ఉత్త ఏడుపు కాదు, రాగం ఉంటుంది, మాట ఉంటుంది. పోయినసారి కలిసిన తర్వాత ఎవరు చచ్చారు, ఏ ఎద్దు పోయింది, ఏ చేను ఎండింది, ఎవరు మాట తప్పారు, అన్నీ వరసగా చెబుతారు. ఒకరు చెబితే ఇంకొకరు అందుకుంటారు. అయిపోయిన తర్వాత కళ్లు తుడుచుకుని, "పిల్లలు మంచిగున్నరా" అని మామూలుగా మాట్లాడుకుంటారు. పెళ్లిలో పెళ్లికూతురు ఏడ్చే ఢావలో కూడా ఈ వరసలోదే. పుట్టింటిని విడిచిపోయే పిల్ల, తనకు ఇష్టం ఉన్నదీ లేనిదీ నలుగురి ముందు గొంతెత్తి చెప్పడానికి దొరికే ఒక్క సమయం అది. పెద్దవాళ్లు ముందుగా కూర్చోబెట్టి నేర్పేవాళ్లు కూడా.

చిన్నప్పుడు ఎల్లారెడ్డి బస్టాండులో మా దాది, వాళ్ల చెల్లె ఇట్లా ఏడుస్తుంటే జనం గుమిగూడారు. ఎవరో చచ్చిపోయారనుకున్నారు. నేను సిగ్గుతో గోడ వెనక్కి పోయాను. అప్పుడు దాది ఏడ్చింది 1972 కరువు గురించి. అప్పటికే పదిహేనేళ్లు గడిచాయి, అయినా ఆ యేడు చచ్చిన ఆవుల పేర్లు చెప్పి ఏడ్చింది. ఈ రోజుల్లో మన పిల్లలు దాన్ని ఫోనులో తీసి నవ్వుకుంటున్నారు. చదువుకున్న కోడళ్లు మానేశారు. చేతులు కలిపి "బాగున్నారా" అంటున్నారు. సభ్యత వచ్చిందని సంతోషించే సార్లలో నేను కూడా ఉండేవాణ్ని. ఆ ఏడుపుతో పాటు ఆడవాళ్లు తమ నష్టం లెక్కపెట్టి చెప్పే ఒకే ఒక సభను కూడా మూసేశామని అప్పుడు నాకు తట్టలేదు.

మనకంటే ఘోరంగా చెదిరిపోయిన మనుషులు ఇంకో దేశంలో దాదాపు ఇదే పని కాగితం మీద చేశారు. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్' నవలను సహవాసి 'ఏడు తరాలు' పేరుతో తెలుగు చేశారు, మన టీచర్లలో చాలామంది చదివే ఉంటారు. ఆఫ్రికా నుంచి ఎత్తుకుపోయిన మనిషి కథను ఇంటి ముసలమ్మలు నోటిమాటగా నిలుపుకుంటూ రావడం అందులో మనకు బాగా తాకుతుంది. ఆ బానిసత్వం 1865లో చట్టం ప్రకారం పోయింది. భర్త ఒక రాష్ట్రంలో, భార్య ఒక రాష్ట్రంలో, పిల్లలు ఎవరికి అమ్ముడుపోయారో తెలియదు. 1877 నుంచి న్యూ ఆర్లియన్స్‌లో ఒక క్రైస్తవ పత్రిక 'తప్పిపోయిన ఆప్తులు' అనే శీర్షిక నడిపింది. తమ వాళ్ల కోసం వెతుకుతున్నవాళ్లు ఉత్తరాలు రాసేవాళ్లు. మా అమ్మ పేరు ఇది, మా యజమాని ఫలానా, మమ్మల్ని ఫలానా చోట ఫలానా వాడికి అమ్మారు, నాకప్పుడు ఇన్నేళ్లు. ఆ ఉత్తరాలను చర్చిలో అందరి ముందు చదవాలని పాస్టర్లను పత్రిక కోరేది.

చూడండి, అక్కడ విశ్వాసం ఏం చేసింది? మరచిపోండి, దేవుడు చూసుకుంటాడు అనలేదు. అమ్మినవాడి పేరుతో సహా వేదిక మీది నుంచి చదివించింది. తమవాళ్లు దొరికినట్టు తెలిసింది చాలా కొద్దిమందికే. ఎన్నో ఉత్తరాలకు జవాబే రాలేదు. అయినా ఆ చదవడం వృథా కాదని నేననుకుంటాను. తల్లి పేరు ఒకసారి నలుగురిలో పలికిన చోటికి, ఎప్పుడూ పలకని చోటికి చాలా తేడా ఉంది. మన ఆడవాళ్లు బస్టాండులో మెడలు పట్టుకుని చేసింది కూడా ఇదే పని.

దేవుడు, మాల, ప్రార్థన వీటివల్ల ఏమీ జరగదని నేననడం లేదు. మా భియా విషయంలో జరిగింది నా కళ్లతో చూశాను. డాక్టరు చెప్పినా, వదినె ఏడ్చినా మానని మనిషి మాల వేసుకుని తాగుడు మానాడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి చేనుకు పోయే మనిషిని చూసి నాకు గౌరవమే కలిగింది. నమ్మకం తప్పు చేసిన మనిషిని నిలబెట్టగలదు. నాకు వచ్చిన సందేహం వేరు. అతణ్ని నిలబెట్టిన నమ్మకాన్నే తెచ్చి యాడి నోటికి అడ్డం పెట్టాం. "ఇంత మారిండు, ఇంకేం గావాలె నీకు?" అని నేనే అన్నాను ఒకసారి. తప్పు చేసిన మనిషి ఎంత మారితే నష్టపోయిన మనిషి అంత నోరు మూసుకోవాలా? మారడం అతని ఘనత. లెక్క ఆమెది. ఒకటి చెల్లిస్తే ఇంకొకటి కొట్టివేయడానికి ఇవి ఒకే ఖాతావి కావు.

ఇంకో మాట, ఇది చెప్పడం కొంచెం కష్టం. కష్టం అంతా భియా వల్లే వచ్చిందని రాయడం కూడా సులువైన దారి. ఎద్దుల మీద బతికిన జాతికి ఆ పని పోయింది రైళ్లు వచ్చాక. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది, ఆ శతాబ్దం ముగిసే వేళకు గోదావరి లోయ మార్గం కామారెడ్డి మీదుగా పడింది. బండెడు ఉప్పు రైలు పెట్టెలో పోతుంటే మన ముత్తాతలు ఎద్దులమ్ముకుని అడవి అంచున ఆగిపోయారు. నిజాంసాగర్ నీళ్లు కింది పొలాలకు పారాయి, గుట్ట మీది తండాకు ఎక్కలేదు. ఆంధ్ర ప్రాంతంలో మనవాళ్లు ముందే ఎస్టీలైనా, తెలంగాణలో మనకు ఆ గుర్తింపు 1976 చట్టం దాకా రాలేదు. ఇవన్నీ కలిసి మా భియాను విమానం ఎక్కించాయి. చారిత్రక నవల రాసేవాళ్లకు ఈ చరిత్ర కావాలి. కానీ చరిత్రను చూపించి ఇంట్లో జరిగిన దాన్ని మాఫీ చేయకూడదు. రైలు మార్గం వేసినవాడు ఎనిమిదేళ్లు ఫోను చేయొద్దని చెప్పలేదు. రెండు నిజాలనూ ఒకే పుస్తకంలో పట్టాలి. అది కష్టం, అందుకే అలాంటి నవలలు తక్కువ. అల్లం రాజయ్య, సాహు కలిసి 'కొమురం భీం' రాసినప్పుడు ఎదుట శత్రువు కనబడుతున్నాడు. మన ఇంటి నవలలో శత్రువు లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని నీళ్లు అడుగుతాడు, చిన్నప్పుడు మనల్ని భుజాన ఎత్తుకున్న మనిషి వాడే.

మన తండాల నుంచి అలాంటి నవల రాయాలనే పిల్లలు ఉన్నారు. ఆ తొమ్మిదో తరగతి పిల్ల రాస్తుందని నా ఆశ. రాసేవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. దాదిని, నానిని కూర్చోబెట్టి అడగండి. సంవత్సరం గుర్తుండదు, ఏ చెట్టు కింద ఉన్నారో గుర్తుంటుంది, అది రాసుకోండి. గోర్‌బోలిలో చెప్పింది గోర్‌బోలిలోనే ముందు రాసుకోండి, తెలుగు తర్వాత చేయవచ్చు. నగల పేర్లు, పశువుల పేర్లు తప్పు పోకుండా రాయండి. తోటి ఉపాధ్యాయులతో ఒక మాట: పిల్లలు ఇంటి ఏడుపును తరగతికి తెస్తే, దానికి మంచి ముగింపు పెట్టి రాయమని అడగకండి. నేను అడిగేవాణ్ని. ముగింపు మంచిగా ఉంటే రెండు మార్కులు ఎక్కువ వేసేవాణ్ని కూడా.

భియా వచ్చిన రోజు యాడి అతని మెడ పట్టుకుని ఏడవలేదు. పదేళ్ల తర్వాత వచ్చిన కొడుకు. తండా ఆడవాళ్లంతా ఆ ఏడుపు వినడానికే వచ్చి నిలబడ్డారు. యాడి చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టి లోపలికి పోయింది. సంతోషంతో నోట మాట రాలేదని అందరం అనుకున్నాం. ఆ తర్వాత కూడా మామూలుగానే ఉంది. అన్నం పెట్టేది, పేరు పెట్టి పిలిచేది. మేము ఇల్లు బాగుపడిందని చెప్పుకున్నాం.

రెండేళ్లకు లింగంపేట వైపు నుంచి మా యాడి చెల్లె వచ్చింది. కరోనా వల్ల చాలాకాలం రాకపోకలు లేవు. వాకిట్లోనే ఇద్దరూ పట్టుకున్నారు. యాడి గొంతెత్తింది. మొదట చెల్లె భర్త పోయినదాన్ని ఏడ్చింది. తర్వాత తనది మొదలుపెట్టింది. హాస్లిని ఏడ్చింది. వాళ్ల యాడి దాన్ని ఏ సంతలో కొన్నదో, ఎన్ని బరిగొడ్ల పాలు అమ్మి కొన్నదో చెప్పి ఏడ్చింది. సేటు దుకాణం మెట్లను, వడ్డీకి పోయిన మక్కలను, చెరుకు ఆకులు కోసిన చేతులను, జ్వరంతో తోటలో పడుకున్న కోడలిని, అయ్య ఏడని అడిగిన మనుమరాలిని ఏడ్చింది. నా పేరు కూడా వచ్చింది. సారు కొడుకు పెద్దమనుషుల పక్కన కూర్చుని తన తరఫున సరే అన్నాడని ఏడ్చింది. లోపల వదినె రొట్టె చేయడం ఆపేసింది. భియా దర్వాజ దగ్గర నిలబడి విన్నాడు. కదలలేదు. అది ఎంతసేపు సాగిందో నేను చెప్పలేను, పొయ్యి మీది రొట్టె మాడిన వాసన మాత్రం గుర్తుంది.

అయిపోయాక యాడి చెల్లెకు నీళ్లిచ్చింది. భియా దగ్గరికి వచ్చి ఏదో అనబోయాడు. యాడి, "ఇప్పుడు గాదు" అంది. కోపంగా కాదు, ఉత్తగనే అంది. అతను సరే అని చేనుకు పోయాడు.

ఆ మరుసటి నెల నుంచి మక్కల పైసలు, కూలి పైసలు భియా తెచ్చి వదినె చేతికి ఇస్తున్నాడు, ఎంత ఎటు పోవాలో ఆమె చెబుతుంది. యాడికి వెండి హాస్లి చేయించి ఇస్తామని నేను అన్నాను, ఒకసారి కాదు, రెండుసార్లు. అడిగే చెప్పాను ఈసారి. వద్దంది. "అదే దొరికితే తెండి" అంది. దొరకదు, అది ఏనాడో కరిగి ఉంటుంది. అన్నదమ్ములిద్దరం అయినా పోయి ఎల్లారెడ్డిలో ఆ దుకాణం ఎక్కడుండేదో అడిగి వచ్చాం. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఆ సంగతి యాడికి చెప్పాం. విని, మెట్లు అట్లనే ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయని చెప్పాం.